సన్యాసుల దొడ్డిలో బంగారు పాత్ర

"బాబాయ్, టేపు జారిందా?"

"లేదమ్మాయ్! రాయికి ఆనించే పట్టుకున్నాను."

జసింత మళ్లీ కొలిచింది. మళ్లీ అదే లెక్క వచ్చింది. పాడుబడిన ఆ గుడి బయటినుంచి ఎంత పొడవుందో లోపలినుంచి అంత పొడవు లేదు. పీఠం వెనక గోడ ఎంత మందమనుకున్నా, ఆ తేడా పూడటం లేదు. ఆ గోడలో ఒక మనిషి చేతులు చాపి నిలబడేంత చోటు ఎక్కడో మాయమవుతోంది.

"ఈ గోడ బోలుగా ఉంది బాబాయ్," అంది ఆమె నెమ్మదిగా.

ఇన్నారెడ్డి ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. అరవై ఏళ్ల ఆ మనిషి ఈ మాట కోసమే గుంటూరు సీమనుంచి ఇంత దూరం వచ్చాడు. అతను నోరు తెరవబోయి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర ఎండుటాకులు చప్పుడు చేశాయి. దారి చూపడానికి వెంట వచ్చిన గంగులప్ప అక్కడ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు.

"నీళ్లు తెచ్చినానమ్మా," అన్నాడతను. కళ్లు మాత్రం పీఠం వెనక గోడ మీదే ఉన్నాయి.

ఆ చోటును చుట్టుపక్కల పల్లెలవాళ్లు సన్యాసుల దొడ్డి అంటారు. మదనపల్లెకు ఎగువన, జీపు ఆగిపోయిన చోటునుంచి ఒక పగలంతా నడిస్తే వచ్చే ఎద్దులకోన అడవిలో, మూడు వైపులా కొండలు కాపలా కాసే లోయలో ఉంది. రెండు వందల ఏళ్ల కిందట యేసుసభకు చెందిన పాదుర్లు, అంటే విదేశీ క్రైస్తవ గురువులు, కాషాయం కట్టి, పాదుకలు తొడిగి, మాంసం ముట్టక, తెలుగు నేర్చుకుని ఈ సీమలో తిరిగారు. జనం వాళ్లను రోమాపురి సన్యాసులన్నారు. ఒక పాలెగాడు వాళ్లకు ఈ లోయను ఇనాంగా ఇచ్చాడు. వాళ్లు ఇక్కడ పశువుల మందలు పెంచారు. కోడెలు అమ్మిన సొమ్ముతో ఊరూరా గుళ్లు, బడులు నడిపారు.

కళాశాలలో పాత కట్టడాల గురించి పాఠం చెప్పే జసింతకు ఈ దొడ్డిని చూసినప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఇది సగం గుడి, సగం కోట. నడుమ విశాలమైన నలుచదరపు దొడ్డి. ఒక పక్క గుడి, ఎదురుగా పాదుర్ల గదులు, మిగిలిన రెండు పక్కలా రాతి తొట్లతో పశువుల కొట్టాలు. కొండ మీది చెరువునుంచి తొట్లలోకి నీళ్లు తెచ్చే రాతి కాలువ. గోడల్లో తుపాకి కంతలు. సింహద్వారం బయట వెడల్పుగా మొదలై లోపలికి వచ్చేకొద్దీ ఇరుకవుతుంది. దొంగలు గుంపుగా వచ్చినా ఒక్కొక్కడే దూరాలి. ఆవులు ఒక్కొక్కటే దూరుతుంటే కాపరి లెక్కపెట్టుకోవచ్చు. కప్పులో ఒక్క దూలం లేదు. నిప్పు పెడితే అంటుకోకుండా అంతా ఇటుక కమానులే. లాటిన్ అక్షరాల చుట్టూ ఇక్కడి కాశెవాళ్లు, రాతిపనివాళ్లు, తామర రేకులు చెక్కారు.

ఇన్నారెడ్డికి వీటిలో ఏదీ పట్టదు. అతనికి కావలసింది ఒక్కటే, బంగారు పూజాపాత్ర.

దండు ఒకటి వచ్చి దొడ్డి మీద పడ్డ రోజున చివరి పాదిరీ మాయమయ్యాడు. గుడిలోని పాత్ర కూడా మాయమయింది. ఇక్కడినుంచి ప్రాణాలతో బయటపడి గుంటూరు సీమకు వలస పోయినవాళ్లలో ఇన్నారెడ్డి పూర్వీకుడు శౌరయ్య ఒకడు. అతను అందరికన్నా ఆలస్యంగా, నెత్తుటి మరకల పంచెతో వచ్చాడట. పాదిరీ ఏమయ్యాడంటే చెప్పలేదు. పాత్ర ఏదంటే చెప్పలేదు. ఆనాటినుంచి ఆ వంశానికి 'పాత్రోళ్లు' అనే పేరు అతుక్కుంది. ఇన్నారెడ్డిని ఎన్నడూ గుడి పెద్దగా ఎన్నుకోలేదు. పండగనాడు అతను పీఠం దగ్గరికి వెళితే, "పాత్ర జాగ్రత్త, పాత్రోళ్లు వచ్చారు," అని వెనకనుంచి ఎవరో ఒకరు నవ్వేవారు. తాతలు నవ్వుకున్న నవ్వే మనవలూ నవ్వుతున్నారు.

"పాత్ర ఇక్కడే దొరికితే, మా శౌరయ్య తాత దొంగ కాదని తేలిపోతుంది," అన్నాడతను బయలుదేరే ముందు. జసింత కూడా ఆ వంశపు పిల్లే. అందుకే కాదనలేకపోయింది.

ఇప్పుడు ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆ గోడ దగ్గర వంగి చూస్తే, రాళ్ల సందున పసుపు మరక కనిపించింది. గోటితో గీకింది. తడి ఆరని కొత్త పసుపు! ఆ పక్కనే సాంబ్రాణి బూడిద.

"ఎవరో వచ్చిపోతున్నారు," అని గొణిగింది.

"ఎవరో ఏంటి, వాడే!" ఇన్నారెడ్డి గొంతు తగ్గించాడు. "నిన్న పొద్దున్నే లేచి ఎటు వెళ్లాడు? తేనె కోసం అన్నాడు. తేనె తెచ్చాడా? వట్టి చేతులతో వచ్చాడు."

ఆ సాయంత్రం గంగులప్ప కనిపించలేదు. జసింత అతన్ని వెతుకుతూ చెరువుగట్టు వైపు వెళ్లి, ఒక బండ చాటున ఆగింది. గంగులప్ప ఆకుల మండతో నేలను ఊడుస్తూ వెనక్కి నడుస్తున్నాడు. ఆ నేల మీద మనుషుల అడుగులు ఉన్నాయి. ఒకరివి కావు, చాలామందివి.

"ఏం చేస్తున్నావు గంగులప్పా?"

అతను ఉలిక్కిపడ్డాడు. మండ చేతినుంచి జారింది. "ఎలుగ్గొడ్డు అడుగులమ్మా. మీరు చూస్తే బెదురుకుంటారని."

"ఎలుగుబంటి చెప్పులేసుకుంటుందా?"

అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "మీరు కొలతలు తీసుకోనొచ్చినారు. తీసుకున్నారు. రేప్పొద్దున దిగిపోదామమ్మా. మబ్బు పడతాండాది," అన్నాడు. ఆకాశంలో చేయెడు మబ్బు లేదు.

తెల్లవారేసరికి గంగులప్ప మళ్లీ లేడు. అతని కంబళి, కొడవలి కూడా లేవు.

"తనవాళ్లను తీసుకొస్తాడు. మన నెత్తిన బండ వేసి, పాత్ర ఎత్తుకుపోతారు," అన్నాడు ఇన్నారెడ్డి. "ఇప్పుడే తవ్వాలి. వాడు రాకముందే!"

జసింత మనసు వద్దంటూనే ఉంది. కాని ఆ ఊడ్చిన అడుగులు కళ్లముందు మెదిలాయి. గునపం అందుకుంది.

ఇన్నారెడ్డి నేరుగా అక్షరాలు చెక్కిన రాయి మీదికి పోయాడు. "ఆ రాయి కాదు బాబాయ్! కమాను బరువంతా దాని మీదే ఉంది. తీశావంటే కప్పు మన మీదికి వస్తుంది. దాని కింద పక్కరాయి తియ్యి!" అని అరిచింది. పక్కరాయి గునపానికి లొంగింది. గచ్చు పొడిపొడిగా రాలింది. చల్లని గాలి, గబ్బిలాల కంపు ముఖానికి కొట్టాయి. రాయి పక్కకు దొర్లేసరికి, ఒక మనిషి వంగి దూరేంత కంత ఏర్పడింది.

ఇన్నారెడ్డి వట్టి సంచి భుజాన తగిలించుకుని, లాంతరు వెలిగించి ముందు దూరాడు. జసింత గునపం, బ్యాటరీ లైటు పట్టుకుని వెనక దూరింది. మెట్లు దిగి కొద్దిదూరం పోయారో లేదో, వెనక ఉరిమినట్టయింది. కొండ దగ్గినట్టు దుమ్ము వచ్చి మీద పడింది. లాంతరు రెపరెపలాడింది. జసింత తడుముకుంటూ వెనక్కి పరుగెత్తింది. కంత లేదు! అక్కడ రాళ్ల గుట్ట ఉంది.

"పూడ్చేశాడు! దొంగ వెధవ బతికుండగానే మనల్ని పూడ్చేశాడు!" ఇన్నారెడ్డి పిడికిళ్లతో ఆ రాళ్లను గుద్దాడు.

"అరవకు బాబాయ్. పైనుంచి ఇంకా రాలుతున్నాయి. నడువు, ముందుకు నడువు!"

మెట్లు అయిపోగానే దారి వెడల్పయింది. ఒక పక్క, దొడ్డి వైపు, మట్టితో పూర్తిగా పూడిపోయి ఉంది. రెండో పక్క కొండ గర్భంలోకి ఏటవాలుగా దిగుతోంది. జసింత లైటు నేల మీద వేసి చూసింది. రాతి నేలలో అడ్డంగా గాడులు చెక్కి ఉన్నాయి. మనిషి అడుగుకు అవి అక్కర్లేదు.

"ఇది మనుషుల దారి కాదు బాబాయ్. గిట్టలు జారకుండా గాడులు చెక్కారు. దండు వస్తే మందను ఇటు తోలేసేవాళ్లు. ఆవులన్నీ కొండ కడుపులో దాక్కునేవి!"

భయంలోనూ ఆమె గొంతులో ఆనందం తొంగిచూసింది. ఇన్నారెడ్డి వినడం లేదు. అతను చెయ్యి పైకెత్తాడు.

"ష్!"

ముందు ఎక్కడో చిన్న చప్పుడు. రాయి మీద రాయి కదిలిన చప్పుడు. ఆ తర్వాత మనిషి దగ్గు.

ఇద్దరూ గోడకు అతుక్కుని నడిచారు. దారి మలుపు తిరిగింది. ఎదురుగా పెద్ద గవి, కొండగుహ, తెరుచుకుంది. పైకప్పులో బావిలాంటి రంధ్రం, అందులోనుంచి జారే పగటి వెలుగు. తేనె తీసేవాళ్లు తీగలతో పేనే పొడుగాటి నిచ్చెన ఒకటి ఆ రంధ్రంనుంచి నేలదాకా వేలాడుతోంది. ఆ వెలుగులో గంగులప్ప మోకాళ్ల మీద కూర్చుని, కంబళిలో దేన్నో చుడుతున్నాడు. కంబళి అంచు జారింది. పసుపు పూసిన బంగారం ధగ్గున మెరిసింది.

"పట్టుకో! దొంగ! పట్టుకో!"

ఇన్నారెడ్డి కేక గవి అంతా మోగింది. గబ్బిలాలు గుంపుగా లేచాయి. గంగులప్ప మూటను గుండెకు హత్తుకుని నిచ్చెన మీదికి ఎగబాకాడు. ఇన్నారెడ్డి దూకి అతని కాలు పట్టుకున్నాడు. ఇద్దరూ దబ్బున నేల మీద పడ్డారు. దొర్లారు. లాంతరు ఎగిరి బండకు తగిలి పగిలింది. కిరసనాయిలు నిచ్చెన మొదట్లో చిందింది. జసింత అరుస్తుండగానే మంట ఎండిన తీగలను పట్టుకుని సరసరా పైకి పాకింది. క్షణాల్లో నిచ్చెన నిప్పుల తోరణమై తెగి కింద పడింది.

ముగ్గురూ నోరు తెరుచుకుని పైకి చూశారు. ఆ రంధ్రం ఏ చేతికీ అందనంత ఎత్తులో ఉంది.

"ఎంత పని చేసినావు రెడ్డీ!" గంగులప్ప పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. "ఇంగ ఎవరూ పోలేము."

"నువ్వే కదరా మా వెనక కమాను పడగొట్టింది!"

"నేనా? తెల్లారకముందే కొండెక్కి ఈ బొక్కలో దిగినాను. మీ గుడి కాడికే రాలేదు!"

జసింత నిచ్చెన బూడిదను, పైనున్న వెలుగును చూసింది. గుడి దగ్గరినుంచి కొండ చుట్టి పైకెక్కి ఇంతలో దిగడం ఎవరి తరం? "మనమే బాబాయ్. మనం తీసిన పక్కరాయే కూల్చింది. దాని మీదా బరువుంది. నాకు తెలియలేదు," అంది. గంగులప్ప వైపు తిరిగింది. "గంగులప్పా, నిజం చెప్పు. ఆ అడుగులు ఎవరివి? ఆ పాత్ర ఎక్కడికి తీసుకుపోతున్నావు?"

గంగులప్ప మూట విప్పి, పాత్రను అక్కడున్న ఒక రాతిపలక మీద జాగ్రత్తగా పెట్టాడు. అప్పుడు చూసిందామె. అది పలక కాదు, సమాధి. దాని మీద సిలువ చెక్కి ఉంది. దాని నిండా పసుపు, ఎండిన అడవిపూలు.

"ఈయన సన్నాసయ్య. మా మంద దేవుడు. ఏటా మా గొల్లలంతా ఈడికి దిగొస్తాము. ఈ గిన్నెలో నీళ్లు పోసి, తీసకపోయి పసులమింద చల్లుతాము. గొడ్డుకు రోగం రాదు. ఆ అడుగులు మావోళ్లవేనమ్మా. మొన్న నేను తేనెకని పోయింది వాళ్లకాడికే; గుడి గోడకు పసుపు పెట్టింది మేమే. మీరు గోడ కొలుస్తాంటే నాకు గుండె జారిపాయ. దీన్ని వేరే గవికి మారుద్దామనే వచ్చినాను. దొంగతనానికి గాదు."

"సన్నాసయ్యను ఇక్కడ ఎవరు పూడ్చారు?" ఇన్నారెడ్డి రొప్పుతూ అడిగాడు.

"దండు తుపాకి దెబ్బ తగిలిన సన్నాసయ్యను భుజానేసుకోని మోసకొచ్చిన ఒగాయప్ప ఉండె. కాపాయన. ఆయనే గుంత తీసి పూడ్చి, గిన్నె ఈడ పెట్టి, మా పెద్దోళ్లను పిలిసి చెప్పినాడంట. 'తెలిస్తే దండోళ్లు తవ్వేస్తారు. నేను సచ్చినా ఎవరికీ చెప్పను. మీరూ చెప్పొద్దండి' అని. అందరి చేతా ప్రమాణం చేయించినాడు. మేము ఈనాటికీ మాట ఇస్తే ఆయన పేరు మీదనే ఇస్తాము. 'శౌరయ్య మాట' అంటాము. అన్నామంటే ఇంగ దాటరాదు."

గవిలో ఎక్కడో నీటిబొట్టు పడుతోంది.

ఇన్నారెడ్డి మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు. "ఇంకోసారి చెప్పు, ఏం పేరు?" అన్నాడు.

"శౌరయ్య."

"ఆయన మా తాత," అన్నాడు ఇన్నారెడ్డి. గంగులప్ప అతన్ని వింతగా, కొంచెం భయంగా చూశాడు. ఇది కూడా పాత్ర కోసం ఆడుతున్న నాటకమేమోనని ఆ చూపులో అనుమానం ఉంది. జసింత దాన్ని గమనించింది. నిన్నటినుంచి తాను అతన్ని చూసిన చూపూ ఇలాంటిదే.

లైటు వెలుగు పసుపుబారుతోంది. ఆమె లేచింది.

"మీరు కూర్చోండి. నేను గోడలు చూస్తాను."

"ఈడ దావ లేదమ్మా. మా తాతల కాలంనుంచి ఆ బొక్క ఒగటే."

"మనుషులకు అది చాలు గంగులప్పా. కాని ఈ కట్టడం కట్టింది ఆవుల కోసం. ఆవు నిచ్చెన ఎక్కదు కదా! ప్రతి గోడకూ తుపాకి కంతలు పెట్టినవాళ్లు మందనంతా ఒకే వాకిలున్న గవిలోకి తోలుతారా? శత్రువు ఆ వాకిలి మూస్తే మంద చస్తుంది. ఇంకో దారి కట్టే ఉంటారు."

ఆమె నేల మీది గాడులను పట్టుకుని నడిచింది. గాడులు సమాధి పక్కగా పోయి, గవి చివర ఒక మూలకు తిరిగి, ఒక గోడ దగ్గర ఆగాయి. ఆమె ఆ గోడ మీద చెయ్యి వేసింది. గోటితో సందులు గీకింది. దొడ్డి అంతా గుడ్డు సొన కలిపిన గచ్చు. గునపానికి గాని ఊడదు. ఇక్కడ గచ్చు లేదు. వట్టి బంకమట్టి. అది కూడా లోపలివైపే మెత్తగా మెత్తారు.

"బాబాయ్! గంగులప్పా! రండి! ఇది లోపలినుంచి ఊడదీయడానికే కట్టిన గోడ!"

ముగ్గురూ మీదపడ్డారు. గునపం, కొడవలి, గోళ్లు, ఏది అందితే అది. పైవరుస రాళ్లు ఒక్కొక్కటే కదిలాయి. "ఆగు! నా వైపు వాలుతోంది, పట్టు!" "పట్టినా రెడ్డీ, లాగు!" చేతులు చిట్లాయి. లైటు ఆరిపోయింది. చీకట్లోనే తవ్వారు. చివరికి గంగులప్ప భుజం పెట్టి నెట్టిన రాయి అటువైపు పడింది. గడ్డి వాసనతో, వెచ్చగా, కళ్లు మిరుమిట్లు గొలుపుతూ ఎండ లోపలికి వచ్చింది.

జసింత మొదట పాకింది, తర్వాత గంగులప్ప. కొండకు అవతలి వాలు అది. కింద పచ్చిక బయలు. ఇన్నారెడ్డి మాత్రం వెంటనే రాలేదు. "వస్తున్నా," అని లోపలినుంచి కేక వేశాడు. కొంతసేపటికి సంచి భుజాన వేసుకుని కంతలోనుంచి బయటపడ్డాడు.

జసింత ఆ సంచిని చూసింది. లోపలికి వెళ్లేటప్పుడు అది వట్టి సంచి. ఇప్పుడు దాని అడుగు బరువుగా సాగి ఉంది. బాబాయి ముఖంలోకి చూడబోతే అతను అటు తిరిగి రాళ్లు ఏరుతున్నాడు.

"దావ మూసేద్దాం పట్టండి," అన్నాడు గంగులప్ప. "ఎలుగ్గొడ్లు దూరతాయి."

"గంగులప్పా," ఆమె ఆగలేకపోయింది, "పాత్ర ఉందో లేదో ఒకసారి లోపల చూసి..."

"ఏమిటికమ్మా?" గంగులప్ప చిట్లిన పెదవితో నవ్వాడు. కంతలోకి తొంగి కూడా చూడలేదు. "కడాన బయటికొచ్చింది శౌరయ్య మనవడు. ఇంగ నేను చూసేదేముండాది?"

ఇన్నారెడ్డి చేతిలోని రాయి జారి కింద పడింది.

అతను పచ్చికలో నిలబడి చాలాసేపు ఎటో చూశాడు. తర్వాత సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుని, తల వంచి, మళ్లీ ఆ కంతలోకి దూరాడు. లోపల మట్టి పెళ్లలు రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. జసింత, "బాబాయ్, జాగ్రత్త!" అని పిలిచింది. గంగులప్ప ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, "రానీమ్మా. ఆయనే వస్తాడు," అన్నాడు.

అతను వచ్చాడు. సంచి ఖాళీగా వేలాడుతోంది. వేళ్లకు పసుపు అంటుకుని ఉంది. ముగ్గురూ కలిసి రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, పైన కంపలు కప్పారు.

కొండ దిగుతుండగా జసింత అతని పక్కన నడిచింది. "ఊళ్లో ఏం చెబుతావు బాబాయ్?"

"దొరకలేదని చెబుతాను."

"నవ్వుతారు."

"నవ్వనీ."

ఇంతలో గంగులప్ప ముందునుంచి కేక వేశాడు. మంద కాడ సంగటి వండి ఉంటారు, బిన్నా రండి అని. ఇన్నారెడ్డి అడుగు వేగం పెంచి అతన్ని అందుకున్నాడు.

"గంగులప్పా, ఆ నిచ్చెనకు ఏం తీగ వాడతారు?"

"అడ్డతీగ రెడ్డీ. నానబెట్టి పేనాల. ఇద్దరు మనుసులు కూకుంటే మూడు పొద్దులు పడతాది."

"నేను కూర్చుంటాలే. నేర్పు," అన్నాడు ఇన్నారెడ్డి.